తమ్ముడి కారుకు ఇంజన్ పని

మా తమ్ముడు పోయిన ఆరు నెలలకు వాడి కారు ఇంజన్ బాగుచేయించాలని బయలుదేరాను. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. వినుకొండ, కారంపూడి రోడ్లకు అది తగదని అందరూ అన్నా రెండు లక్షల కిలోమీటర్ల పైన తిప్పాడు. చివరికి స్టార్ట్ చేస్తే వెనక నీలం పొగ వచ్చేది. ఆయిల్ తాగేది. ఇంజన్ దించి చేయించాలని వాడే అనుకున్నాడు. ఇంతలో జబ్బు వచ్చింది.

షోరూం వాళ్లు ఇంజన్ మొత్తం మార్చాలన్నారు. నాకు కొత్త ఇంజన్ అక్కర్లేదు. వాడు నడిపిన ఇంజనే మళ్లీ నడవాలి. ఇది తెలివైన కోరిక కాదని అప్పుడే తెలుసు.

నరసరావుపేటలో మొదటి షాపతను బానెట్ ఎత్తి నిమిషం చూశాడు. "ఏంది మేడం ఇది, డీజిల్ ఇంజన్ ఎక్కిచ్చుకోండి, ఇరవై ఏళ్లు మళ్లీ చూడక్కర్లా" అన్నాడు. రెండో చోట బండి వదిలేసి పొమ్మన్నారు. మా వైపు ఎవరూ అలా వదిలేసి పోరు. మంచి సామాను మార్చేస్తారని భయం. ఇంజన్ ఇప్పేటప్పుడు ఓనరు పక్కనుండాలి, తీసిన పాత సామాను గోతంలో వేసి ఓనరుకే ఇవ్వాలి. ట్రాక్టరు ఇంజన్ పనికి వచ్చే రైతులు క్యారేజీ తెచ్చుకుని రోజంతా కూర్చుంటారు. పాత సామాను తిరిగిచ్చేవాడు నమ్మకస్తుడు. నేనూ అదే కొలత పెట్టుకున్నాను.

నకరికల్లు దగ్గర అలాంటి ఒకాయన ఉన్నాడని చెప్పారు. అరవై దాటిన ట్రాక్టర్ల మెకానిక్. ఆదివారం చర్చికి పోతాడు, ఆ రోజు షాపు తియ్యడు. "ఇట్టాంటిది నేను ఎప్పుడూ ఇప్పలేదమ్మా" అని ముందే చెప్పాడు. "అయినా ఇంజన్ ఇంజనే. నువ్వొచ్చి కూచో."

నేను పాఠాలు చెప్పే కాలేజీకి సెలవు పెట్టి నాలుగు రోజులు కూర్చున్నాను. తన ట్రాక్టరు కోసం వచ్చిన ఒక రైతు కారు చుట్టూ తిరిగి, "ఏందక్కా, ఇద్దరే పడతారా? మరి పత్తి బోరేలు ఎక్కడేస్తావు?" అన్నాడు. "నువ్వున్నావుగా మొయ్యటానికి" అన్నాడు మెకానిక్. చానా రోజుల తర్వాత నవ్వాను.

తీసిన ప్రతి ముక్కా ఆయన నాకు చూపించాడు. పిస్టన్ రింగులు అరిగిపోయాయి. సిలిండర్ల గోడల మీద గీతలు పడ్డాయి. లేత్ షాపులో ఆ గోడలు ఒక పొర కోయించి, లావు పిస్టన్లు వేద్దామన్నాడు. ట్రాక్టర్లకు ఎప్పుడూ చేసే పనే.

అప్పటికి ఆ కారు గురించి దొరికినదంతా చదివాను. ఆ సిలిండర్లు అల్యూమినియంవి, లోపల సన్నటి గట్టి పూత ఉంటుంది, దాన్ని కొయ్యకూడదని ఒకచోట ఉంది. ఆ మాట ఆయనతో అన్నాను కూడా. "కొయ్యకుండా రింగులేస్తే రెండు నెలలేనమ్మా" అన్నాడు. ఆయనది నలభై ఏళ్లు చేసిన చెయ్యి. నేను చదివి మాట్లాడేదాన్ని. ఊరుకున్నాను. లేత్ షాపుకి వెంట వెళ్లి, కోస్తున్నంతసేపూ పక్కనే నిలబడ్డాను, సామాను మారకుండా కాపలా కాస్తూ.

లావు పిస్టన్లు ఎక్కడా దొరకలేదు. చివరికి ఆయన హైదరాబాద్‌లో ఇలాంటి కార్లే చేసే ఒకతనికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు.

"ఎవరు కోసింది? పూత మొత్తం పోయినట్టే. అంత లోతు కోశాక లోపల కొత్త గొట్టాలు, లైనర్లు, వెయ్యడానికి కూడా గోడ మిగల్లేదు. ఆ ఇంజన్ బ్లాక్ ఇంక స్క్రాపే."

ఫోన్ పెట్టేసి ఆయన చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. నువ్వు చెప్పావు."

"ఒక్కసారే చెప్పాను" అన్నాను.

"ఎక్కడన్నా ఇదే ఇంజన్ సెకండ్ హ్యాండ్‌ది వెతికి తెస్తా. నా చేత్తో ఎక్కిస్తా."

వద్దన్నాను. ఉన్నదాన్నే బిగించి కారులో పెట్టమన్నాను.

"తిరగదు గదా?"

"తిరగకపోయినా."

ఆయన పాత పిస్టన్లే వేసి, నడవబోయే ఇంజన్‌కి బిగించినట్టే ఒక్కో బోల్టు కొలత చూసి బిగించాడు. రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున తన ట్రాక్టరు వెనక కారును తాడుతో కట్టి ఇంటికి లాక్కొచ్చాడు. స్టీరింగు నేను పట్టుకున్నాను. ఇంజన్ నడవకపోతే బ్రేకు మామూలుగా పడదని, గట్టిగా తొక్కాలని, బయలుదేరే ముందు నాకు రెండుసార్లు చెప్పాడు.