కంబం కింద బొంత

అత్తమ్మ పోయిందన్న కబురు వచ్చినప్పుడు నా తల కిందికీ కాళ్లు పైకీ ఉన్నాయి. ఇది మాటవరసకు అంటున్నది కాదు. పోల్ డాన్స్ క్లాసులో, నిలువు స్టీలు గొట్టానికి ఒక మోకాలు మడిచి తగిలించి, రెండు చేతులతో ఆ గొట్టాన్నే గట్టిగా పట్టుకుని వేలాడుతున్నాను. గోడవారన పెట్టిన నా ఫోన్ మోగి ఆగింది, మళ్లీ మోగింది. చివరికి మా టీచర్ తీసింది. ఆమె గుజరాతీ అమ్మాయి, నాకంటే చిన్నది. అవతలి మాట అంతా విని, ఫోన్ పక్కన పెట్టి వచ్చి, నా వీపు కింద చెయ్యి ఆనించి, తొందరపడకుండా మెల్లగా దిగమని హిందీలో చెప్పింది. నా రెండు పాదాలూ నేల మీద ఆనేదాకా ఇంకో మాట మాట్లాడలేదు. ఆ తర్వాత చెప్పింది.

అత్తమ్మకు గుండె బలహీనపడి చాలాకాలమే అయింది. ఆ పొద్దున నన్ను క్లాసుకు పంపింది ఆమే. నేను మానేస్తానంటే, "నా మొఖం జూసుకుంట కూసుంటె నాకు ఊపిరి ఎక్కువొస్తదా? పొయ్యిరా" అని కసిరింది. అత్త మంచంలో ఉంటే కోడలు డాన్సుకు పోయిందని మా గల్లీలో నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకున్నారని తర్వాత తెలిసింది. చెప్పుకోనీ. కుండ మూతికి మూకుడు పెట్టగలం గానీ ఊరి మూతికి పెట్టలేం. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది వాళ్లకు జవాబు చెప్పడానికి కాదు. ఆమె లేని ఇంట్లో ఆమె గురించి మాట్లాడకుండా ఉండటం నావల్ల కావడం లేదు, అందుకు.

అత్తమ్మ సిరిసిల్ల పక్క పల్లె నుంచి కొత్త పెళ్లికూతురుగా సూరత్ వచ్చింది. మామయ్య ఇక్కడ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాడు. నేను కోడలిగా వచ్చేసరికే ఆయన లేడు. సూరత్‌లోనే గోడాదరా అనే పేటలో మాకు రెండు గదులు. మా ఆయన రంగుల మిల్లులో పని చేస్తాడు. నేను రింగ్ రోడ్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో చీరల ఫొటోలు తీసి ఊళ్లలోని వ్యాపారులకు పంపుతుంటాను. అత్తమ్మ ఇంట్లోనే కూర్చుని చీరలకు మెరుపు రాళ్లు అతికించేది. ఆమె చేతులు ఊరికే ఉండగా నేను చూసింది తక్కువ. టీవీ చూస్తున్నా, ఎవరినైనా తిడుతున్నా చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి.

నేను పోల్ డాన్స్‌లో చేరిన సంగతి మొదట ఆమెకు చెప్పలేదు. దుకాణంలో పనిచేసే ఒక స్నేహితురాలు, కామ్‌రేజ్ వెళ్లే రోడ్డులో ఒక కాంప్లెక్స్ మీద క్లాసులు పెట్టారు, ఊరికే చూసొద్దాం రమ్మంది. ఆమె మళ్లీ పోలేదు. నేను అక్కడే అతుక్కుపోయాను. రోజంతా నిలబడి చీరలకు ఫొటోలు తీసే మనిషికి, తన ఒళ్లు కూడా ఒక పని చేయగలదని తెలిస్తే కలిగే సంతోషం అంతా ఇంతా కాదు. మా ఆయనకు ఆ డాన్స్ ఏమిటో సరిగ్గా అర్థం కాలేదు గానీ, నేను నవ్వుతూ ఇంటికి రావడం అర్థమైంది. ఇద్దరం కలిసి అత్తమ్మకు యోగా అని చెప్పాం.

ఒక మాట చెప్పాలి. ఈ విద్యలో గొట్టాన్ని పట్టుకునేది చర్మం. బట్ట అడ్డం ఉంటే జారిపోతాం, అందుకే పొట్టి నిక్కర్లు వేసుకుంటాం. మోకాలి లోపల, తొడల మీద, జబ్బల కింద కమిలిపోతుంది. కొన్నాళ్లు పోతే ఒళ్లు అలవాటు పడుతుందంటారు. నా ఒళ్లు అంత తొందరగా అలవాటు పడే రకం కాదు.

ఒకరోజు తల ఆరబెట్టుకుంటుంటే అత్తమ్మ నా జబ్బ మీది నల్ల మచ్చ చూసింది. నైటీ కొద్దిగా పైకి లాగి మోకాలు కూడా చూసింది. ఆ సాయంత్రం మిల్లు నుంచి వచ్చి అన్నానికి కూర్చున్న కొడుకు ముందు పళ్లెం బోర్లించింది.

"మీ నాయిన చేతి మచ్చలు నేను మోసిన. నీ చేతి మచ్చలు ఈ పిల్ల మొయ్యది. జవాబు జెప్పి తిను."

మా ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అమాయకంగా నావైపు చూశాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను, క్లాసు గురించి, గొట్టం గురించి. అత్తమ్మ నమ్మలేదు. నా తల నిమిరి, గొంతు తగ్గించి, "నేను గూడ గట్లనే జెప్పిన బిడ్డా, నల్లా కాడ జారి పడ్డ అని" అంది. అప్పటిదాకా ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. మా ఆయన తల దించుకున్నాడు. చిన్నప్పుడు తను చూసింది ఏదో ఆయనకు గుర్తొచ్చిందని నాకనిపించింది.

కళ్లారా చూస్తే గాని నమ్మనంది అత్తమ్మ. మళ్లీ క్లాసు రోజు వచ్చేదాకా మా ఆయన బయట బండి మీద ఖమణ్ తిని బతికాడు, పాపం. ఆ రోజు అత్తమ్మ మెట్లెక్కి వచ్చి, నిక్కర్లలో ఉన్న ఆడపిల్లలను ఒకసారి, నన్ను ఒకసారి చూసింది. నేను ఆమెకు చూపించాలని ఎగబాకి, సగంలో జారి కూలబడ్డాను. ఆమె లేచి వచ్చి నా మోకాలి లోపలి మచ్చ మీద చెయ్యి పెట్టింది. తర్వాత గొట్టాన్ని పిడికిట్లో పట్టుకుని చూసింది. మచ్చ వెడల్పూ గొట్టం మందమూ ఒక్కటే. "గీ కంబమా కొట్టింది?" అని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఆ నీళ్లన్నీ నవ్వుకు వచ్చినవి కావు.

ఇంటికొచ్చి కొడుక్కి సర్వపిండి చేసి పెట్టింది. తప్పయిందని మాత్రం అనలేదు. కొట్టకున్నా పస్తులుంచావు కదా అని ఆయన నిష్ఠూరంగా అంటే, "కొట్టలేదు, మంచిదే. ఇగ ముందు గూడ కొట్టవు" అంది.

అప్పటినుంచి ఆమె క్లాసుకు నాతోపాటే వచ్చేది. మొదట్లో ఒక పెద్ద పొరపాటు చేసింది. నా కమిలిన ఒళ్లు చూసి ఉండబట్టలేక, ఒక ఆదివారం పొద్దున్నే నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి, నన్ను పీట మీద కూర్చోబెట్టి కాళ్లకూ చేతులకూ ఇంకేదాకా రుద్దింది. చిన్నప్పుడు మా అమ్మ తర్వాత నాకు అలా నూనె రాసినవాళ్లు లేరు. నేనూ కళ్లు మూసుకుని రాయించుకున్నాను. పైపైన నీళ్లు పోసుకుని క్లాసుకు పోయి గొట్టం మీద చెయ్యి వేశానో లేదో, సర్రున నేల మీద ఉన్నాను. నా వెనక ఎక్కిన పిల్ల కూడా అదే నూనెకు జారి దిగింది. టీచర్ తల పట్టుకుంది. ఇక్కడికి వచ్చేటప్పుడు ఒంటికి నూనె మాట అటుంచి, క్రీము కూడా రాయకూడదు. అత్తమ్మకు సంగతి అర్థమై, కొంగుతో తనే ఆ గొట్టాన్ని తుడవబోయింది. ఆ కొంగుకీ నూనే. ఆ రోజంతా క్లాసు నవ్వులతోనే గడిచిపోయింది. తర్వాత నూనె మానలేదు, క్లాసు అయ్యాక రాసేది.

క్లాసులో అందరూ ఆమెను బా అని, అంటే గుజరాతీలో అమ్మా అని, పిలిచేవారు. గొట్టం కింద వేసే మెత్తటి ఫోం పరుపు ఆమెకు నచ్చలేదు. చేత్తో అదిమి, ఇంత లోపలికి పోయేది మనిషిని ఏం ఆపుతుందని సణిగింది. చీరల కత్తిరింపు ముక్కలను ఇక్కడ చిందీ అంటారు. ఆ చిందీని మూటలుగా పోగుచేసి, పొరలు పొరలుగా పరిచి, దగ్గర దగ్గర కుట్లతో ఒక బొంత కుట్టింది. మన పల్లెల్లో పాత చీరలతో కుట్టే బొంతే, కాకపోతే ఇది అన్ని రంగుల సూరత్ చీరలది. టీచర్ కాదనలేక, జారకుండా నాలుగు మూలలూ కట్టి పరుపు మీద పరిచింది. కొన్నాళ్లకు అది లేకపోతే పిల్లలు ఎక్కడం మానేసి బొంత ఏదని అడిగేవారు.

ఇక నాకు పట్టుబడనిది ఒకటే ఒకటి. తలకిందులుగా వెళ్లి, మడిచిన మోకాలితో మాత్రమే గొట్టాన్ని పట్టి, చేతులు రెండూ వదిలేయాలి. దానికి ఇంగ్లీషులో ఏదో పేరుంది. మా ఇంట్లో దాని పేరు చేతులిడిసేది. నా తర్వాత చేరిన పిల్లలు కూడా చేతులు వదిలేశారు. నేను మాత్రం తలకిందులై, అంతా సరిగ్గా చేసి, చివరికి వేళ్లు విప్పలేక దిగిపోయేదాన్ని. కాలు పట్టుకుంటుందని బుద్ధికి తెలుసు, చేతులకు నమ్మకం లేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఏడ్చిన రోజులున్నాయి. అత్తమ్మ ఓదార్చేది కాదు. "ఓర్సినమ్మకు తేటనీళ్లు" అనేది. మన నల్లాకు ఎంత ఓర్చినా బురదే కదా అత్తమ్మా అని నేను ఏడుస్తూనే ఎదురు చెప్పేదాన్ని. అయితే బకెట్ల పట్టి పెట్టు, తేరుకుంటది అనేది.

ఆమెకో అలవాటుండేది. గోడవారన కూర్చుని ఒళ్లో చీర పెట్టుకుని రాళ్లు అతికించుకుంటూ, నేను ఎక్కేదాకా చూసేది. నేను తలకిందులు కాగానే మొహం గోడవైపు తిప్పేసుకునేది. నేను దిగాకే ఇటు తిరిగేది. పడతానని భయమా అని ఒకసారి అడిగాను.

"నువ్వు మీదికెల్లి నా మొఖం జూస్తవ్. నా మొఖంల భయం గనపడితె, ఇగ నీ చేతులు ఇడుస్తయా?"

అది విన్న టీచర్ నన్ను అర్థం అడిగి, పిల్లలందరికీ గుజరాతీలో మళ్లీ చెప్పింది.

కొన్నాళ్లకు అత్తమ్మ కాళ్లు వాచాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. డాక్టరు మెట్లెక్కవద్దన్నాడు. నాకొక్కటే పట్టుకుంది, ఆమె ఉండగానే చేతులు వదలాలని. వీడియో తీసి చూపిస్తాను, కళ్లు చల్లబడతాయి అనుకున్నాను. క్లాసు లేని రోజు కూడా పోయి బతిమాలి తలుపు తీయించుకునేదాన్ని. అలాంటి ఒకరోజు, మోకాలు సరిగ్గా బిగియకముందే కళ్లు మూసుకుని చేతులు వదిలేశాను. భుజం మీద పడ్డాను. బొంత ఉండబట్టి ఎముక విరగలేదు, చెయ్యి మెడకు కట్టుకుని ఇంటికి వచ్చాను.

మంచంలో ఉన్న మనిషి లేచి కూర్చుంది. ఆమెకు అంత కోపం రావడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"నా కోసం ఉరికినవా? నేను జల్ది పోత అని ఎవ్వలన్న జెప్పిన్రా నీకు? జర ఇను. నీ కాలు పట్టినంకనే చేతులిడువు. గప్పటికి నేనుంటె సూస్త. లేకుంటె లేదు. గది నాకు సూపెట్టనీకి నేర్సుకునేది గాదు."

కోపం దిగాక, కట్టు కట్టని చేతిని ఒళ్లోకి లాక్కుని నూనె రాసింది. ఆమె చేతుల్లో అప్పటికి బలం లేదు. రాస్తూ రాస్తూ ఆయాసపడి ఆగేది, మళ్లీ రాసేది. నేను వద్దనలేదు. వద్దంటే తట్టుకోలేదని తెలుసు.

ఆ రోజుల్లో ఆమెకు మంచం మీదకంటే కింద పడుకుంటే హాయిగా ఉండేది, కానీ చాప గట్టిగా ఉందనేది. క్లాసులో ఉన్న బొంత తెస్తానని మా ఆయన బయలుదేరాడు. అత్తమ్మ తేనివ్వలేదు. అది కోడలి కింద ఉండాల్సింది అంది. భుజం నయమయ్యాక నేను మళ్లీ మెల్లగా, మొదటి నుంచి మొదలుపెట్టాను. ఎక్కడం, బిగించడం, దిగడం. చేతుల జోలికి పోలేదు. ఇంటికి రాగానే ఏమైందని అడిగేది. ఇంకా లేదంటే, మంచిదే అనేది. అలా ఉండగానే ఆ కబురు వచ్చింది.

దినాల్లో మా పెద్ద వదిన, అంటే అత్తమ్మ కూతురు, ఇంట్లో అమ్మ పక్కబట్టలన్నీ మూట కట్టింది. పోయిన మనిషి పడుకున్నవి ఇంట్లో ఉంచరు. చాప, దిండు, దుప్పటి, చివరికి కాళ్ల కింద పెట్టుకునే పాత చీర కూడా మూటలోకి పోయాయి. అమ్మది ఇంకేమన్నా ఉందా అని వదిన అడిగింది. ఒక బొంత ఉంది, కానీ అత్తమ్మ దాని మీద ఒక్క పూటైనా పడుకోలేదు, అది నా కిందిది అన్నాను. బొంత ఎక్కడుంది, ఎందుకు కుట్టింది, ఎందుకు తెచ్చుకోలేదు, అంతా చెప్పాను. వదిన మూట ముడి బిగిస్తూ విన్నది. కళ్లు తుడుచుకుని, "అట్లయితె ఉండనియ్" అంది.

దినాలయ్యాక క్లాసుకు పోయాను. బొంత నాలుగు మూలలా కట్టి అలాగే ఉంది. ఎవరూ పరామర్శ మాటలు పెద్దగా అనలేదు, టీచర్ మాత్రం నా చెయ్యి కాసేపు పట్టుకుంది. ఒంటికి నూనె రాసేవాళ్లు లేక నా చర్మం పొడిబారి ఉంది. గొట్టాన్ని గట్టిగా పట్టింది. ఎక్కాను, తలకిందులయ్యాను, మోకాలు బిగించాను. తొందరపడలేదు. కాలు పట్టిందా అని ఒకసారి చూసుకున్నాను, ఇంకోసారి చూసుకున్నాను. అప్పుడు అలవాటుగా గోడవైపు చూశాను.

తలకిందులుగా కనిపించింది ఇదీ. టీచరూ, పిల్లలందరూ వరసగా నిలబడి, గోడవైపు మొహాలు తిప్పుకుని ఉన్నారు. నాకు వాళ్ల వీపులూ జడలూ తప్ప ఏమీ కనిపించలేదు. ఒక్కరి ముఖం కూడా కనిపించలేదు.

వేళ్లు విప్పాను. చేతులు రెండూ కిందికి వేలాడి బొంతను తాకాయి. వేళ్ల కొసలకు అత్తమ్మ వేసిన కుట్లు ఒకదాని వెనక ఒకటి తగులుతున్నాయి. అందరూ ఇంకా గోడవైపే తిరిగి ఉన్నారు. నేను అయిపోయిందని చెప్పకుండా, ఆ కుట్లను తడుముతూ, అలాగే కాసేపు ఉండిపోయాను.