చల్లటి ఎండలో టమాటా ముక్కలు

పగ తీర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. తీర్చుకున్నాను. అందులో దాచేదేమీ లేదు.

ఇల్లినాయ్ రాష్ట్రం అరోరాలో మా పెరడూ, నేను పగబట్టిన ఆవిడ పెరడూ వెనక వైపు కలిసేవి. మధ్యలో నడుమెత్తు కంచె. ఆవిడ నాకంటే ఆరేళ్లు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. మా చుట్టుపక్కల ఉన్న పది పన్నెండు తెలుగు కుటుంబాల పాట్‌లక్‌లకి ఆవిడదే పెత్తనం. ఎవరు ఏం వండుకురావాలో ఆవిడ ఈమెయిల్ పంపేది. దానికి తిరుగులేదు.

2007 వేసవి చివర మా పెరట్లో టమాటాలు విరగకాశాయి. నిల్వ పచ్చడి పెట్టాను. ముక్కలు ఉప్పులో ఊరేసి, రసం పిండి, మండిపోయే వారం చూసి మరీ ఇంటి వెనక చెక్క డెక్ మీద ఎండబెట్టాను. రెండు వారాల తర్వాత పాట్‌లక్‌కి గాజు సీసా నిండా పట్టుకెళ్లాను. ఆవిడ మూత తీసి లోపలికి చూసింది. ముప్పై మంది ముందు ఆ సీసాని లైటు కిందకి ఎత్తి పట్టుకుంది.

"బూజు పట్టింది. ప్లీజ్, ఎవరూ టచ్ చేయకండి. పిల్లలకి అస్సలు పెట్టకండి."

అని ఊరుకుందా? సీసాతో సహా చెత్తబుట్టలో పడేసి, సబ్బు రాసుకుని మరీ చేతులు కడుక్కుంది. బూజు పట్టిన మాట నిజమే, కాదనను. పక్కకి పిలిచి చెవిలో చెబితే ఆవిడ సొమ్మేం పోయేది? నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత వచ్చిన ప్రతి ఈమెయిల్‌లోనూ నా పేరు ఎదురుగా ఒకటే ఉండేది, పేపర్ ప్లేట్లు, ఐస్. ఒకసారి పులిహోర చేసుకొస్తానన్నాను. నీకెందుకమ్మా శ్రమ అంది ఆవిడ. అందరూ నవ్వారు, మా ఆయనతో సహా. గుంటూరు జిల్లాలో పుట్టి, పచ్చడి పెట్టడం చేతకానిదాన్నయ్యాను.

ఎందుకు చెడిందో తెలుసుకోకుండా వదలదలచుకోలేదు. ఉప్పు సరిపోయింది. తడి చెయ్యి తగల్లేదు. ఎండ తొంభై అయిదు డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంది. మరి ఏం తక్కువైంది? పొద్దున్నే పిల్లల్ని స్కూల్ బస్ ఎక్కించి కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. మా ప్రాంతానికి వాతావరణం ఎలా ఉండబోతోందో, ఎందుకు అలా ఉండబోతోందో అక్కడి వాతావరణ శాఖ వాళ్లు ప్రతిరోజూ నాలుగు పేరాల్లో రాస్తారు. మొదట్లో ముక్క అర్థం కాలేదు. ఒక వేసవంతా చదివాక తెలిసింది. ఇల్లినాయ్‌లో బాగా వేడిగా ఉందంటే దక్షిణపు గాలి వీస్తున్నట్టు. ఆ గాలి నిండా తడే. ముక్కల్లో నీరు పైకి పోదు, ఉడికినట్టయి ఊరుకుంటుంది. కెనడా వైపు నుంచి గాలి తిరిగిందంటే ఒళ్లు చల్లబడుతుంది గానీ, ఆ గాలి ఎంత పొడిగా ఉంటుందంటే ఆరేసిన తువ్వాలు గంటలో బిర్రబిగుస్తుంది. మనవాళ్లం అందరం చేసే తప్పు అదే. ఎండంటే వేడి అనుకుంటాం, థర్మామీటర్ చూసి ముక్కలు ఎండబెడతాం. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

2009 ఆగస్టు చివర్లో ఒక బుధవారం పొద్దున వాతావరణ శాఖ వాళ్లు రాసింది చదివాను. శని, ఆదివారాలు తొంభై దాటుతుంది, ఉక్క. ఆదివారం రాత్రికి గాలి తిరుగుతుంది. ఆ తర్వాత వారమంతా చల్లగా, పొడిగా, ఒక్క వాన చినుకు లేకుండా. నా టమాటాలు కోయడానికి ముహూర్తం దొరికిందనుకున్నాను.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే ఆవిడ ఫోన్ చేసింది. కర్నూలు నుంచి వాళ్లమ్మ వచ్చిందట, ఆమె చేత టమాటా పచ్చడి పెట్టిస్తోందట, ఈసారి పాట్‌లక్‌లో అదే స్పెషల్ అట. ముక్కలు ఉప్పులో ఊరుతున్నాయట. "నువ్వెప్పుడూ వెదర్ చూస్తుంటావుగా, ఎండ ఎప్పుడు బాగుంటుంది?" అని అడిగింది.

"ఈ వీకెండ్ నైంటీ టూ అక్కా. తర్వాత వారమంతా చల్లబడిపోతుంది," అన్నాను.

ఒక్క అబద్ధం లేదు. ఫోన్ పెట్టేశాక వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

శని, ఆదివారాలు ఆ పెద్దావిడ కొంగు నెత్తిన కప్పుకుని, చెమటలు కక్కుతూ, డెక్ మీద పళ్లేల్లో ముక్కలు తిరగేస్తూనే ఉంది. మేడమీది కిటికీలోంచి చూశాను. జాలి కలగలేదు. పడనీ, అనుకున్నాను. సోమవారం చల్లగాలి రాగానే, ఇక ఎండ పోయిందని వాళ్లు పళ్లేలు లోపలికి తీసేశారు. నేను నావి బయట పెట్టాను. స్వెట్టర్ వేసుకుని టమాటాలు ఎండబెట్టే మనిషిని ఎక్కడా చూడలేదని మా ఆయన వెటకారం చేశాడు. బుధవారానికి నా ముక్కలు చెప్పు తోలులా తయారయ్యాయి.

ఆ సాయంత్రం పెద్దావిడ కంచె దగ్గరికొచ్చింది. తన ముక్కలు ఇంకా మెత్తగానే ఉన్నాయని, పళ్లేల్లోనే ఉంచానని చెప్పింది. నా పళ్లెంలోంచి ఒక ముక్క తీసి విరిచి చూసింది.

"ఇంత చలిలో ఎట్ల ఎండినాయి తల్లీ?"

ఇంకా మూడు రోజుల పొడి గాలి ఉంది. బయట పెట్టండి పిన్నిగారూ అంటే చాలు, ఆమె పచ్చడి బాగుపడేది. నాకు సీసా పైకెత్తిన ఆవిడ చెయ్యే కళ్లముందు ఆడింది.

"ఏమో పిన్నిగారూ, చేతి గుణమేమో," అన్నాను.

ఆమె ముఖం వాడిపోయింది. ముక్క పళ్లెంలో పెట్టేసి వెళ్లిపోయింది.

సెప్టెంబరు పాట్‌లక్‌లో వాళ్ల సీసా తెరిచేసరికి పైన తెల్లగా పొర. ఈసారి దాన్ని ఎవరూ ఎత్తి చూపించలేదు. ఆవిడే గబగబా మూత పెట్టి టేబుల్ కిందకి తోసింది. ఎవరూ అడక్కుండానే నేను పట్టుకెళ్లిన సీసా ఇడ్లీల్లోకి అయిపోయింది. ఆవిడ కూడా రెండోసారి వేసుకుంది. ఆ రోజు నా అంత సుఖపడిన మనిషి అరోరాలో లేదు. ఒక మూల కుర్చీలో కూర్చున్న పెద్దావిడ వైపు నేను చూడలేదు.

అక్టోబరులో పెద్దావిడ తిరిగి ఊరెళ్లే రోజు మా తలుపు తట్టింది. బయట కూతురు కారు ఇంజిన్ ఆపకుండా కూర్చుని ఉంది. నా పచ్చడి ఒక సీసా కావాలంది, కోడళ్లకు చూపిస్తుందట.

"యాభై ఏండ్లు పెట్టినా తల్లీ. ఊర్లో ఎవరింట్లో పెండ్లైనా నన్నే పిలిచేవాళ్లు. నా చెయ్యి పోయింది. ఆడ కోడండ్ల ముందర తెలియకుండా ఈడ తెలిసింది, అదే మేలు. ఇంక ముట్టుకోను."

అంతా గొంతు దాకా వచ్చింది. మీ చేతికేం కాలేదు, గాలిది తప్పు, నాది తప్పు. చెప్పడానికి అర నిమిషం పట్టదు. కారు అద్దం దించి ఆవిడ మా వైపే చూస్తోంది. తల్లికి చెబితే విమానాశ్రయం చేరేలోపు కూతురికి తెలుస్తుంది. మళ్లీ ముప్పై మంది ముందు ఆవిడ నోరు తెరుస్తుంది.

లోపలికెళ్లి సీసాకి రెండు కవర్లు చుట్టి తెచ్చి ఇచ్చాను. క్షేమంగా వెళ్లిరండన్నాను. ఆమె సీసాని సంచిలో పెట్టుకుని, నా కుడిచెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకుంది.