అరణపు ఆవు, గడ్డి ప్రెసిడెంటు

మా మామగారు గడ్డికి ప్రెసిడెంటు. నవ్వకండి. ఊరికి సర్పంచి ఉన్నట్టే గడ్డికీ ఒకరుండాలని ఎనభైల్లో ఒక ఆఫీసు వాళ్లకు తోచింది. ఆ పదవి వచ్చి మా వాకిట్లో వాలింది. కారణం పెద్దదేమీ కాదు. జీపులో వచ్చిన సారును కూర్చోబెట్టడానికి చేతుల కుర్చీ ఊరు మొత్తానికి మా ఇంట్లోనే ఉంది. కుర్చీ మోసుకొచ్చిన మనిషి దాని పక్కనే నిలబడ్డాడు. సారు ఆయన పేరే రాసుకున్నాడు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఏడాది తిరగలేదు. మాది కల్లూరు దగ్గర పల్లె. అత్తగారి ఊరు చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉంటుంది. నాతో పాటు ఒక ఎర్రావు కూడా ఆ ఊరికి కాపురానికొచ్చింది. మా వైపు ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు పుట్టింటివాళ్లు ఒక ఆవునో గేదెనో వెంట తోలతారు. దాన్ని అరణం అంటారు. దాని పాలూ దూడలూ ఆ పిల్ల సొంతం. కానీ అరణపు ఆవు తిరిగి పుట్టింటి దారి పట్టిందంటే ఊళ్లో మాటలు పుడతాయి. ఆవు కడుపే నింపలేని ఇంట్లో పిల్ల కడుపు సంగతేమిటని అడుగుతారు. అందుకని ఆ ఆవు మా కొట్టంలో నిలవడం నాకు పరువు సంగతి. పైగా దాన్ని దూడప్పటి నుంచి సాకింది నేనే. దాని మీద నాకు ప్రాణం.

ఊరికీ అడవికీ మధ్య ఉన్న మేత నేలను బంచరాయి అనేవాళ్లు. మేత నేల అనడం మర్యాద కోసమే. నూర్పిళ్లకు అలికిన కళ్లంలా గట్టిగా, నున్నగా ఉండేది. ఏ పోచ తలెత్తినా సాయంత్రంలోపు ఎవరిదో ఒకరి పశువు కంట పడేది. వాన నీళ్లు నేలలోకి దిగేవి కావు. ఎర్రమట్టిని వెంటబెట్టుకుని నేరుగా వాగులోకి పోయేవి.

జీపు సారు చెప్పింది నిజానికి మంచి మాటే. రెండు వానాకాలాలు పశువులను అటు తోలొద్దు, నేల తేరుకుంటుంది, ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా, వంతులవారీగా మేపుకోండి అన్నాడు. బడి వరండాలో కూర్చున్న వాళ్లంతా "అవ్ సార్, అవ్ సార్" అన్నారు. మా ఊళ్లో "అవ్ సార్" అంటే ఒప్పుకున్నామని కాదు, మీరు జల్దీ జీపెక్కండి అని. పైగా మూయడమంటే పక్కింటి పశువులకు మూయడమని ఎవరికి వారే అనుకున్నారు.

మొదట మందు బస్తాలు దిగాయి. ఆ నేలలో సత్తువ లేదు, గడ్డి వేరు పట్టాలంటే ఈ ఎరువు చల్లాలన్నారు.

"గడ్డికి గూడ మందేస్తరా? ఇగ పిచ్చుకలకు టానిక్కులు తాపుతరేమో!" అన్నాడు మామ, సారు జీపు మలుపు తిరగ్గానే.

గడ్డికి మందు వెయ్యడం ఊరందరికీ తప్పుగానే తోచింది. పాపం, ఎవరూ ఆ తప్పు చెయ్యలేదు. ఆ ఏడు మిరప తోటలు కళకళలాడాయి. ప్రెసిడెంటుగారి తోట అందరి తోటలకంటే కాస్త ఎక్కువ కళకళలాడింది.

తర్వాత విత్తనం వచ్చింది. స్టైలో అట. నేలకూ బలమే, పశువుకూ బలమే అన్నారు. గింజ పైపొర గట్టిది కాబట్టి వేడినీళ్లు పోసి, కాసేపుంచి, వంచేసి, నీడకు ఆరబెట్టి చల్లమన్నాడు సారు. మామ "వేడినీళ్లు" అనేదాకా శ్రద్ధగా విన్నాడు. తర్వాత జీపు డ్రైవరుకు చాయ్ చెప్పడానికి లేచి వెళ్లాడు.

మర్నాడు పెళ్లిళ్ల కాగు పొయ్యెక్కింది. మా ఇంట్లో నానబెట్టిన గింజ ఏదైనా గుగ్గిళ్లయ్యేదాకా ఊరుకోదు. స్టైలోకూ అదే గతి పట్టింది. మామ తువ్వాలు తలకు చుట్టి, తెడ్డుతో కలియబెడుతున్నాడు.

"ఉప్పెయ్యాల్నా?" అని అడిగింది అత్తమ్మ, చాలా మామూలుగా.

ఆయన కళ్లెర్రజేశాడు. నేనుండబట్టలేక, "మామా, ఉడికిన గింజ మొలుస్తదా?" అన్నాను.

"మన గింజయితే మొలవది బిడ్డా. ఇది సర్కారు గింజ. నీకెర్క లేదు, పో."

అలా ఉడికించిన గింజలను కొబ్బరికాయ కొట్టి మరీ బంచరాయి మీద చల్లారు. చుట్టూ కందకం తవ్వారు, ముళ్లకంప నాటారు, ఒక గేటు పెట్టి తాళం వేశారు. తాళంచెవి మామ మొలతాటికి చేరింది. స్నానం చేసినా అది ఆయన ఒంటి మీదే ఉండేది.

సర్కారు గింజ ఒక్కటీ మొలవలేదు. కానీ గడ్డి వచ్చింది! పశువు కాలు పడకపోయేసరికి అన్నాళ్లూ నేలలో అణిగి ఉన్న గరిక లేచింది, చెంగలి లేచింది, పేరు తెలియనివి ఎన్నో లేచాయి. రెండో వానాకాలం నడిమికి మోకాలెత్తు అయింది. కంప సందులోంచి చెయ్యి పెడితే మట్టి మెత్తగా తగిలింది, వానపాముల కుప్పలు కనిపించాయి. వాగుకు పోయే నీళ్లలో ఎరుపు తగ్గింది. నాకు నిజంగా సంతోషమేసింది. మనుషులు ఇంత చెడగొట్టినా నేల తన పని తాను చేసుకుంది కదా అనిపించింది.

జీపు సారుకు నాకంటే ఎక్కువ సంతోషమేసింది. ఆయన కిందికి వంగి చూడలేదు. జీపులోంచే పచ్చదనం చూసి, "స్టైలో బ్రహ్మాండంగా వచ్చిందయ్యా!" అన్నాడు.

"అవ్ సార్," అన్నాడు మామ.

ఆ రోజు నుంచి ఆయన గరికను కూడా స్టైలో అనే పిలిచాడు. వేరే సార్లు చూడటానికొస్తే ముళ్లకంప బయట నిలబడి, దాని గుణగణాలు కథలా చెప్పేవాడు. కంపకు ఇవతల ఊరి పశువులు కూడా నిలబడి ఆ కథ వినేవి. వాటికి అడవిలోకి పోతే గార్డు కేకలు, రోడ్డు పక్కకు పోతే దుమ్ము, ఇంటికొస్తే నల్లబడ్డ వరిగడ్డి. నా ఎర్రావు అప్పటికి చూడిది. రోజురోజుకూ దాని పొట్ట పెరుగుతోంది, ఒళ్లు తరుగుతోంది.

"మామా, ఒక్క మోపు కోసుకుంటా. చూడావు," అని అడిగాను.

"వద్దు బిడ్డా. పెద్దసారొచ్చి రిబ్బను కోసేదాక పోచ ముట్టొద్దు. ముందుగాల్నే కోస్తే ఫోటోల ఏం కనబడ్తది?"

"ఫోటో సంగతి తర్వాత. నీకు ఆవు కనబడ్తలేదా?"

"ప్రెసిడెంటు కోడలివి. నువ్వే కంచె దాటితే ఊరోళ్లు ఊకుంటరా?"

మా ఆయన బొగ్గుబాయిలో పని చేసేవాడు. షిఫ్టు దిగి వచ్చాక చెప్పుకుంటే, "నాయన ఇజ్జత్ సంగతి గదా," అన్నాడు. మరి నా ఇజ్జత్ ఎవరిదని అడిగాను. ఆయన సబ్బు తీసుకుని బావి దగ్గరికి పోయాడు.

పెద్దసారు రాక ఒకసారి వాగు పొంగి ఆగింది, ఒకసారి ఎలక్షన్లొచ్చి ఆగింది, తర్వాత ఎందుకాగిందో చెప్పే దిక్కు కూడా లేకపోయింది. గడ్డి ఆగలేదు. పూత పూసింది, గింజ రాల్చింది, పచ్చబారడం మానేసి పసుపుబారింది. కోసే అదను దాటిపోయి కాడలు పుల్లలయ్యాయి. మామ మాత్రం రోజూ పొద్దున్నే వెళ్లి తాళం లాగి చూసుకుని వచ్చేవాడు.

అప్పుడే మా అన్న నన్ను చూడటానికొచ్చాడు. నన్ను చూసే ముందు కొట్టంలో ఆవును చూశాడు.

"ఏందమ్మా ఇది? ఆవా, నులక మంచమా?" అన్నాడు. "నేను తోలుకపోతా చెల్లె. ఈ ఒంటితో ఈనితే తల్లీ దక్కదు, దూడా దక్కదు."

నేను పలుపుతాడు పట్టుకుని ఏడ్చాను. ఆవు బతకాలంటే పోవాలి, పోతే నా పరువు పోతుంది. మామ చేతుల కుర్చీలోంచి కదలలేదు. "గడ్డి తెరిసినంక మల్ల తోలుకరా అల్లుడా," అన్నాడంతే. గడ్డి ప్రెసిడెంటు కోడలి ఆవు గడ్డి లేక పుట్టింటికి పోయిందని బావి దగ్గర వారం దాకా నవ్వుకున్నారు. నవ్విన వాళ్ల మీద నాకు కోపం రాలేదు. నేనయినా నవ్వేదాన్నే.

ఎండలు ముదురుతుండగా పెద్దసారు వస్తున్నాడని కబురొచ్చింది. ఫోటోకు పుష్టిగా ఉన్న ఆవు కావాలట. ఊరంతా వెతికారు. పక్కటెముకలు కనబడని పశువు ఒక్కటీ దొరకలేదు. మామ నా దగ్గరికొచ్చి నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"బిడ్డా, మీ అన్నకు జెర కబురు పెట్టు. ఎర్రావును ఒక్క దినం తోలుకరమ్మను."

అన్న ట్రాక్టరు డబ్బాలో ఎక్కించుకుని తెచ్చాడు. పక్కన నెలల దూడ. ఆవు ఒళ్లు నిగనిగలాడుతోంది. నన్ను చూసి మెడ చాచింది. నాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. దాని కొమ్ములకు పసుపు రాసి, మెడలో బంతిపూల దండ వేశారు. పెద్దసారు రిబ్బను కోసి, దాని వీపు మీద చెయ్యి వేశాడు.

"ఈ ఆవును చూడండి! ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఇదంతా ఈ గడ్డి మహిమ," అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. మా అన్న అందరికంటే గట్టిగా కొట్టాడు. మా పల్లెలో తను మేపిన గడ్డిని అంత పెద్దమనిషి మెచ్చుకుంటుంటే ఊరుకుంటాడా మరి! ఆవును గడ్డిలోకి నడిపించారు. అది ఒక పుల్ల కొరికి, వదిలేసి, దూడ వైపు తిరిగింది. ఫోటో అప్పటికే అయిపోయింది.

జీపులు పోగానే గేటు బార్లా తీశారు. వంతుల మాట ఎవరికీ గుర్తు లేదు. మా ఊరి పశువులే కాదు, పక్క పల్లెల పశువులు కూడా ఆ సాయంత్రమే దిగాయి. మేసింది కొంత, తొక్కింది ఎక్కువ. మూస్తే మొత్తం మూస్తాం, తెరిస్తే మొత్తం తెరుస్తాం. మధ్యలో ఇంకో దారి ఉందంటే మాకు నామోషీ. మళ్లీ వానలు పడేసరికి వాగు ఎప్పటిలాగే ఎర్రగా పారింది.

ఆ సాయంత్రం మామ మా అన్నతో, "ఇడిసిపో అల్లుడా. ఇగ గడ్డి మనదే గదా," అన్నాడు. ఆ మాట కోసమే నేను అన్ని నెలలు ఎదురుచూశాను. బంచరాయి వైపు చూశాను. దుమ్ము లేస్తోంది. పలుపుతాడు విప్పి మా అన్న చేతిలో పెట్టాను.

"తోలుకపో అన్నా."

మామ ఉలిక్కిపడ్డాడు. "ఊరేమనుకుంటది బిడ్డా?"

"ఆవేమనుకుంటదో అది సూడు మామా."

ఈసారి నాకు ఏడుపు రాలేదు. ట్రాక్టరు మలుపు తిరిగేదాకా చూసి, ఖాళీ కొట్టం ఊడ్చుకున్నాను.

కొన్నాళ్లకు ఆఫీసు నుంచి ఫోటో వచ్చింది. మామ దానికి అద్దం కట్టించి, చేతుల కుర్చీకి సరిగ్గా పైన వేలాడదీశాడు. పెద్దసారు, మామ, మధ్యలో బంతిపూల దండతో ఎర్రావు. ఎవరొచ్చి ఆవు ఎవరిదని అడిగినా, "మాదే, కోడలి అరణం," అనేవాడు గర్వంగా. నేను కాదనలేదు. మా ఇంట్లో బక్కచిక్కకుండా నిలిచిన ఆవు అదొక్కటే.