లోపల ఇంకా ఒకరున్నారు

గ్రంథాలయంలో అందరూ ఆవిణ్ణి తాళాలక్క అంటారు. చేతిలో గుత్తి ఏమీ ఉండదు. కంప్యూటర్ గదికి వచ్చేవాళ్ళకి పేరూ పాస్‌వర్డూ ఇచ్చేది ఆవిడే. గదినిండా తెరలున్నా, పనంతా మోసేది మూలగదిలోని పెద్ద మెషిన్ ఒక్కటే. ఎవరి పేరు కొడితే వాళ్ళ రాతలే తెరుచుకుంటాయి, పక్కవాళ్ళవి కంటబడవు.

ఆవిడకి బెంగ ఎక్కువ. ఇంటిల్లిపాదీ ఇల్లు చేరితే గానీ కంచం ముందు కూర్చోదు. ఇక్కడా అంతే. మూసేముందు లోపల ఎవరున్నారో మెషిన్‌ని అడగందే కదలదు.

ఆ మధ్యాహ్నం మూలగదిలో ఏసీ చచ్చింది. మెషిన్ వేడెక్కి కీచుమంటోంది. ఆవిడ అందరిచేతా సేవ్ చేయించి, లాగౌట్ చేయించి పంపేసింది. అయినా ఆవిడ తెరమీద, తన పేరు కాక, ఇంకొకటి మిగిలింది: గడియారాల తాత. కుర్చీ చూస్తే ఖాళీ.

గడియారాలు బాగుచేస్తూ బతికిన మనిషి, ఆ పని మీదే పుస్తకం రాస్తున్నాడు. వెళ్తూ వెళ్తూ తెర ఆర్పేసి, అంతా మూసేశాననుకున్నాడు. మెషిన్ లెక్కలో ఆయనింకా లోపలే. పొద్దుటి రాత సేవ్ కాలేదు. ఇప్పుడు ఆపేస్తే అది గాల్లో కలిసిపోతుంది. ఆపకపోతే మెషినే కాలి, అందరి రాతలూ బూడిదవుతాయి.

పాస్‌వర్డ్ మార్చి తనే దూరొచ్చు. కానీ "మీ రాతలు నేనూ చూడను" అని అందరికీ మాటిచ్చింది. ఆయన ఇంటికి ఫోన్ చేసింది.

"మీ ఎదురుగా సెలూన్‌లోనే ఉన్నాడమ్మా!" అంది ఆయన భార్య.

ఒక్క పరుగున రోడ్డు దాటింది. "తాతగారూ, రండి! మీరింకా లోపలే ఉన్నారు!"

"లోపలుంటే ఈ గడ్డం ఎవరిదే తల్లీ? అన్నీ ఆర్పేసే వచ్చాగా!"

"మీరు ఆర్పింది తెర!"

సగం గీసిన గడ్డంతో, మెడలో గుడ్డతో వచ్చాడు. ఆవిడ దగ్గరి కుర్చీ లాగింది.

"నా సీటు అదమ్మా."

"ఎక్కడైనా ఒకటే, పేరు కొట్టండి!"

కంగారులో పాస్‌వర్డ్ తప్పు కొట్టాడు. మూలగదిలో కీచు పెరిగింది. మళ్ళీ కొట్టాడు. వదిలేసిన వాక్యం వదిలేసిన చోటే ప్రత్యక్షమైంది. సేవ్ చేశాడు.

"ఈ ఒక్క మాట మారుస్తా..."

"తాతగారూ!"

లాగౌట్ నొక్కాడు. ఇప్పుడు లోపల ఆవిడ పేరొక్కటే ఉంది. మెషిన్ ఆపేసి అక్కడే కూలబడింది.

"ఇప్పుడు నిజంగా బయటికొచ్చినట్టేనా?" అన్నాడు తాత.

"వచ్చారు. ఇక ఆ రెండో చెంప సంగతి చూసుకోండి," అంది, ఊపిరందక.