సింహాచలం వెల్డింగు చేసిన హై-ఫ్లో ఇంపెల్లర్

1998 ఏప్రిల్‌లో నన్ను విశాఖపట్నం కార్ఖానాలోని డ్రాయింగు విభాగం నుంచి కంప్రెసర్ డిజైన్ విభాగానికి డిప్యూటీ మేనేజరుగా మార్చారు. పదో తరగతి దాకా బడి మొహం చూడకుండా నాన్నగారి దగ్గరే లెక్కలు నేర్చుకున్న నాకు ఆ కుర్చీ దక్కడం అప్పన్న స్వామి దయేనని ఇప్పటికీ అనుకుంటాను.

నాకు అప్పగించిన మొదటి పని ఒక ఉక్కు కర్మాగారం ఆక్సిజన్ ప్లాంటు కంప్రెసరుకు హై-ఫ్లో స్టేజి, అంటే ఎక్కువ గాలిని తోసే భాగం. గాలిని లాగి విసిరే చక్రాన్ని ఇంపెల్లర్ అంటాం. దాని వ్యాసం పెంచకుండానే ఎక్కువ గాలి మింగేలా చెయ్యాలి. అంటే నోరు వెడల్పు చెయ్యాలి, బ్లేడ్లు పొడుగవుతాయి. మొదటి లెక్కలో బ్లేడ్ల మందం గాలికి అడ్డమొచ్చింది. అంచు దగ్గర పలచన చేశాను. గాలి లెక్క చక్కగా కుదిరింది. కంపనాల లెక్క మాత్రం మళ్లీ చెయ్యలేదు. మందం బ్లేడుకు చేసిన పాత కాగితాన్నే ఆలోచించకుండా కొత్త ఫైల్లో పెట్టాను.

చక్రం వెల్డింగు చేసింది సింహాచలం. జాలరిపేట మనిషి, ఇరవై ఏళ్లుగా ఇంపెల్లర్లే చేస్తున్నాడు. పని అయ్యాక ఒక్కో బ్లేడునూ చెక్క సుత్తితో తట్టి వినడం అతని అలవాటు. ఆ రోజు నన్ను వెల్డింగు షాపులోకి పిలిపించాడు.

"పాత సక్రం కన్నా దీని గొంతు దిగిపోనాదమ్మా. ఓసారి సూసుకోండి."

కంప్యూటర్లో అంతా చూశామన్నాను.

"కంప్యూటర్‌కి సెవులున్నాయేటమ్మా?" అన్నాడు. పక్కనున్న ఫిట్టర్లు నవ్వారు. నేనూ నవ్వి వచ్చేశాను.

యంత్రాన్ని నడిపి చూసే టెస్టు బెడ్ మీద మూడో రోజు కంపనం హద్దు దాటి యంత్రం దానంతటదే ఆగిపోయింది. విప్పి చూస్తే రెండు బ్లేడ్లు వెల్డింగు పక్కనే పగిలి ఉన్నాయి. విచారణకు ముగ్గురితో కమిటీ వేశారు. డిజైన్ తరఫున నేను. పగులు వెల్డింగు దగ్గర మొదలైంది కనుక వెల్డింగు లోపమని రాశారు, నేనూ సంతకం పెట్టాను. వెల్డర్లపై అజమాయిషీ చేసే చార్జ్‌మన్ ప్రమోషన్ జాబితా నుంచి సింహాచలం పేరు తీసేసి, అతన్ని ఇనప షెడ్లు కట్టే విభాగానికి పంపారు.

రెండో చక్రానికి డ్రాయింగు సిద్ధం చేస్తుంటే నా తప్పు కంటబడింది. కంపనాల కాగితం మీది తేదీ, బ్లేడు పలచన చేసిన తేదీకి ముందుది. కూర్చుని మళ్లీ లెక్క కట్టాను. చక్రం ముందుండే గైడ్ వేన్లు, అంటే కదలని రెక్కలు, గాలిని చీలుస్తాయి. చక్రం ఒక్కసారి తిరిగితే, ఎన్ని వేన్లుంటే అన్నిసార్లు ఆ గాలి బ్లేడును తడుతుంది. ఆ తట్టే వేగమూ, పలచని బ్లేడు సహజంగా కంపించే వేగమూ ఒకటయ్యాయి. అలా కలిస్తే ఎంత గట్టి వెల్డింగయినా నిలవదు.

చీఫ్ డిజైనర్ దగ్గరికి వెళ్లి చెప్పాను. మందం పెంచెయ్యమన్నారు. మరి రిపోర్టు సంగతేమిటని అడిగితే, మూసేసిన ఫైలు తెరిస్తే కస్టమర్‌కు ఏం జవాబు చెబుతామన్నారు. ఆయన పైన జనరల్ మేనేజరున్నారు. ఆ గదికి నేను వెళ్లలేదు. కొత్త చక్రం బాగా నడిచింది, నాకు మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది.

సింహాచలం 2004లో వెల్డరుగానే రిటైరయ్యాడు. ఆ నెలలోనే, మల్కాపురంలో కూతురింట్లో ఉన్నాడని తెలిసి వెళ్లాను. తేదీలతో సహా అంతా చెప్పాను.

"నాకప్పుడే తెల్సునమ్మా. మీరెప్పుడు సెప్తారా అనే సూసినాను," అన్నాడు. తరవాత కూతుర్ని టీ పెట్టమన్నాడు. ఆ ఇంట్లో నాకు దక్కిన మర్యాదకు నేను రుణపడి ఉన్నాను. దానికి నేను తగను.

డిజైన్లో ఏ కొలత మారినా అన్ని లెక్కలూ మొదటి నుంచి చెయ్యాలి. ఇది మా విభాగంలో చేరినవాళ్లందరికీ నేర్పాను. తప్పు తెలిసిన రోజునే దాన్ని కాగితం మీద పెట్టి పై అధికారికి పంపాలన్నది మాత్రం ఎవరికీ నేర్పలేకపోయాను. డ్రాయింగు సవరించాను. రిపోర్టు ఈనాటికీ అలాగే ఉంది.