వాచిన పాదాల అచ్చు

గ్లెండా హాగెన్‌ను కదిపితే చాలు, మెర్ల్ టటిల్ పేరు వచ్చేస్తుంది. పెళ్ళి గురించి అడిగినా, మోకాలి ఆపరేషన్ గురించి అడిగినా, మాట తిరిగి తిరిగి ఆయన కుట్టిన బూట్ల దగ్గరికే చేరుతుంది. ఇప్పుడామె మా యూజీన్ ఊళ్ళో మనవరాళ్ళను బడి మైదానానికి తీసుకెళ్ళే ముసలావిడ. ఈ కథ నాటికి పెళ్ళికాని పిల్ల. పగలంతా బీన్స్‌ను డబ్బాలకెత్తే క్యానరీలో పని, సాయంత్రం విశ్వవిద్యాలయం ట్రాక్ మీద ఎనిమిది వందల మీటర్ల పరుగు.

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎవరిని చూసినా పరుగే. వాన పడుతున్నా సరే, డాక్టర్లు, పాస్టర్లు, రంపపు మిల్లు కూలీలు పొట్టి నిక్కర్లతో నది ఒడ్డున పరుగెత్తేవారు. అయినా ఆడవాళ్ళ కోసం స్పైక్స్, అంటే అడుగున ఇనుప మేకులుండే పందెం బూట్లు, చేయాలన్న ఆలోచన మా షాపులకు సరుకు పంపే ఒక్క కంపెనీకీ రాలేదు. షాపులో అడిగితే మగపిల్లల అర వైపు చెయ్యి చూపించేవారు. ఆ బూట్లు మడమ దగ్గర వదులు, వేళ్ళ దగ్గర బిగువు. గ్లెండా మడమ వెనక దూది కుక్కుకుని పరుగెత్తేది. పందెం ముగిసేసరికి సాక్స్ రక్తంతో తడిసేది. ఆడపిల్లల పాదాలు మనకెందుకులే అనుకున్న ఆ పెద్దమనుషులను తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మెర్ల్ టటిల్‌దీ కంపెనీయే, కాకపోతే టైర్ల కొట్టు వెనక ఒక షెడ్డు, రెండు కుట్టుమిషన్లు, బోలెడు జిగురు వాసన. విశ్వవిద్యాలయం కుర్రాళ్ళ పాదాలు కొలిచి స్పైక్స్ కుట్టేవాడు. ఆ వేసవిలో ప్రాంతీయ పోటీలు మా ఊళ్ళోనే అని తెలియగానే గ్లెండా బిడియం విడిచి ఆయన దగ్గరికి వెళ్ళింది. మొదటి ముగ్గురిలో వస్తే జాతీయ పోటీలకు పంపుతారు. పుండ్లు పడిన మడమలతో అది జరిగే పని కాదు. మెర్ల్ తల గోక్కుని, ఆడవాళ్ళ పాదానికి తానెప్పుడూ అచ్చు చెక్కలేదన్నాడు. పక్కనే తోలు కత్తిరిస్తున్న ఆయన భార్య ఐనెజ్, మరి ఇన్నేళ్ళుగా తను ఇంట్లో దేని మీద నడుస్తోందనుకున్నాడో కాస్త చెప్పమంది. ఆ దెబ్బతో ఒప్పుకున్నాడు.

మర్నాడు షిఫ్టు దిగి వస్తున్న గ్లెండాను క్యానరీ గేటు దగ్గర ఆపాడు. గోధుమరంగు కాగితం మీద నిలబెట్టి, పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీసుకున్నాడు. ఆ కొలతకు మేపుల్ చెక్కతో అచ్చు చెక్కి, దాని మీద తోలు లాగి కుట్టాడు. నీలం రంగు బూట్లు, పక్కన తెల్ల చార. చేతిలో పెడితే బరువే లేదు. తన కోసమని ఒక మనిషి కూర్చుని కుట్టిన వస్తువును గ్లెండా అంతవరకు ఎరగదు. ఆమెకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

పందేనికి ముందురోజు పొద్దున తొడిగి చూసింది. పాదం లోపల అటూ ఇటూ ఆడుతోంది.

పొరపాటు ఎక్కడ జరిగిందో ముందు ఐనెజ్‌కే తట్టింది. మెర్ల్ ఇన్నాళ్ళూ కొలిచిన కుర్రాళ్ళు తరగతి గదుల్లో కూర్చుని వచ్చేవాళ్ళు. గ్లెండా తడి సిమెంటు నేల మీద పగలంతా నిలబడి వచ్చింది. ఆయన పాదంతో పాటు వాపును కూడా కొలిచేశాడు. మళ్ళీ అచ్చు చెక్కడానికి వ్యవధి లేదు. మెర్ల్ మొహం మాడిపోయింది. దూది కుక్కుకోమని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

పందెం మర్నాడు సాయంత్రం. ఆ రోజుకు గ్లెండా ముందే సెలవు పెట్టుకుంది. అయినా తెల్లారేసరికి ఏప్రాన్ కట్టుకుని క్యానరీలో ప్రత్యక్షమైంది. పనివాళ్ళ మీద అజమాయిషీ చేసే ఓపల్ ఆమెను చూసి గద్దించింది.

"ఇవాళ పందెం కదే నీకు? ఇంట్లో కాళ్ళు బార్లా చాపుకుని పడుకోక ఇక్కడెందుకు తగలడ్డావ్?"

"కాళ్ళు వాచాలి, ఓపల్. అప్పుడుగానీ బూట్లు పట్టవు."

సంగతి తెలిసి బీన్స్ కదిలే బెల్టు పొడవునా ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. ఓపల్ నవ్వలేదు. ఎప్పుడూ నీళ్ళు నిలిచే ఒక మూల చూపించి, వాపు కావాలంటే అంతకంటే మంచి జాగా లేదని, అది తన సొంత అనుభవమని చెప్పింది. మధ్యాహ్నం రొట్టెముక్కలు కూడా నిలబెట్టే తినిపించింది.

సాయంత్రం తొడిగితే బూట్లు పాదాన్ని ఒద్దికగా పట్టుకున్నాయి. మొదటి చుట్టంతా గ్లెండా ముందువాళ్ళతో సమంగా పరుగెత్తింది. రెండో చుట్టు చివరి మలుపులో పగటి చాకిరీ తొడల్లోకి ఎక్కింది. ఎంత లాగినా కాళ్ళు సాగలేదు. చెయ్యి చాపితే అందేంత దూరంలో మూడో అమ్మాయి గీత దాటింది, ఆ వెనక గ్లెండా. జాతీయ పోటీల ముచ్చట అక్కడితో సరి.

మెర్ల్ కంచె దాటుకుని వచ్చాడు. పొద్దుటి నుంచి ఆమె ఎక్కడ నిలబడిందో పందెం చూడ్డానికి వచ్చి పక్కన కూర్చున్న ఓపల్ చెప్పేసింది. తన తెలివితక్కువతనం పిల్ల నోటికాడ కూడు లాగేసిందని కుమిలిపోతున్నాడు.

"నన్ను క్షమించమ్మా. ఆ అచ్చును పొయ్యిలో పెట్టేస్తాను."

గ్లెండా గడ్డిలో కూర్చుని బూట్లు విప్పి, ఒక కాలు ఆయన ముందుకు చాపింది. సాక్స్ తెల్లగా ఉంది. ఓడిపోయినందుకు ఏడుపు ఆగడం లేదు, అయినా అంత సంతోషం ఆమెకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

"ఇన్నాళ్ళూ ఎక్కడ మండుతోందో చూసుకుంటూ పరుగెత్తేదాన్ని. ఇవాళే ముందున్న పిల్ల వీపు చూస్తూ పరుగెత్తాను. మీ రుణం తీర్చుకోలేను, మెర్ల్ గారూ."

ఇంతలో ఓపల్ కూడా గ్యాలరీ దిగి వచ్చింది. గడ్డిలో పడున్న నీలం బూట్లు అందుకుని, తిప్పి చూసి, తనవి విడిచి వాటిలో కాళ్ళు దూర్చింది. పగలంతా నిలబడి వాచిన ఆవిడ పాదాలకు అవి సరిగ్గా పట్టాయి.

"ఆ అచ్చు కాల్చకండి" అంది. "ఈ మేకులు లేకుండా నాకూ ఓ జత కుట్టిపెట్టండి."

మెర్ల్ తెల్లబోయి, ఆవిడ ఎంత దూరం పరుగెత్తుతుందని అడిగాడు.

"పరుగెత్తను నాయనా. నిలబడతాను."