గుమ్మం బయట చదివిన రసీదు

1968 ఏప్రిల్‌లో నేను విజయనగరంలో ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తాను. కోర్టు వేసవి సెలవులకు ఇంకా వారం ఉంది. బొబ్బిలిలో వీణలు చేసే అచ్చన్నకు డిక్రీ అయితే వచ్చింది గానీ డబ్బు రాలేదు. మా ఊరి వర్తకుడు పైడయ్య అతని దగ్గర మూడు వీణలు తీసుకుని, పైఊళ్ళకు అమ్ముకుని, వెల ఎగ్గొట్టాడు. బొబ్బిలి దగ్గర ఒక రైతు అచ్చన్న కోసం వీణలకు పనికొచ్చే ముదురు పనస దుంగలు అట్టేపెట్టాడు. నెలాఖరులోగా సొమ్ము ఇవ్వకపోతే కలప అడితికి తోలేస్తానన్నాడు. అవి పోతే అచ్చన్నకు ఏడాదంతా పని లేదు.

డిక్రీ అమలు కోసం మొదట పైడయ్య ఇంటికి చరాస్తుల జప్తుకు వెళ్ళాం. జప్తు చేసేవాడు కోర్టు అమీనా. వస్తువులు చూపించడానికి గుమాస్తా వెంట ఉండాలి. పైడయ్య అమీనాకు కుర్చీ వేయించి నవ్వాడు.

"నాకేటున్నాది బావూ? ఇల్లు మా ఆడదాని పేరున ఉన్నాది. కొట్టు మా బామ్మరిదిది. ఈ పంచొకటే నాది, కావాలంతే ఇప్పుకుపో."

తర్వాత లోపలికి కేకేశాడు. "అమీనాగోరికి మజ్జిగట్రండే. ఈ గుమాస్తాకి అక్కర్లేదు, ఆడు నిలబడ్డానికే జీతం తీసుకుంతన్నాడు. గుమ్మం దిగి నిలబడరా!"

నేను దిగాను. ఆ ఏప్రిల్ ఎండ, లోపల అమీనా గుటకల చప్పుడు ఈనాటికీ మరిచిపోలేదు. చూడడానికి వేరే ఏమీ లేక తలుపు పక్క గోడకేసి చూశాను. అక్కడ దేవుడి పటంలా అద్దం బిగించి, బొట్టు పెట్టిన కాగితం ఒకటి వేలాడుతోంది. ఊరి నాటక సమాజానికి చందా ఇచ్చినందుకు రసీదు. దాని మీద పైడయ్య ఇంటిపేరు, తండ్రి పేరు, చందా చెక్కు రూపంలో ముట్టినట్టు, అది ఏ బ్యాంకు ఏ బ్రాంచిదో కూడా గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. నోట్లు ఎవరైనా ఇస్తారు, తాను చెక్కు ఇచ్చే మనిషినని ఊరికి తెలియాలని ఆయన కోరిక.

దీని విలువ చెప్పాలి. ఖాతా ఉందో లేదో బ్యాంకు అప్పులవాళ్ళకు చెప్పదు. ఊళ్ళోని బ్యాంకులన్నీ వెతకమని కోర్టూ చెప్పదు. బ్యాంకు, బ్రాంచి, ఖాతాదారుడి పూర్తి పేరు మేమే పిటిషన్లో రాయాలి. విజయనగరంలో పైడయ్యలకు కొదవ లేదు కాబట్టి తండ్రి పేరు తప్పనిసరి. ఖాతాలోని సొమ్ము బ్యాంకు తన ఖాతాదారుడికి ఇవ్వవలసినదే కనుక, దాన్ని అతనికి ఇవ్వకుండా నిలిపి ఉంచమని కోర్టు ఉత్తర్వు ఇస్తుంది. అది అతనికి ముందుగా తెలిస్తే ఖాతా ఖాళీ అవుతుంది. అందుకే ప్లీడరుగారు ఆ మధ్యాహ్నమే పిటిషన్ వేసి, సాయంత్రానికి ఉత్తర్వు తీసుకున్నారు.

మర్నాడు కౌంటరు తెరవక ముందే అమీనా ఉత్తర్వు అందించాడు. బ్యాంకు ఏజెంటు, అంటే ఇప్పటి మేనేజరు, అందిన వేళ రాసి సంతకం చేశాడు. నాకు కుర్చీ వేశాడు, కాఫీ తెప్పించాడు. కాఫీ సంగతి కావాలనే రాస్తున్నాను.

సగం కప్పు తాగేసరికి పైడయ్య చెక్కుతో వచ్చాడు. కౌంటరులోని బ్యాంకు గుమాస్తా డబ్బు ఇవ్వననేసరికి గట్టిగా అరిచాడు.

"నా డబ్బు నాకియ్యడానికి మద్దిన కోర్టేటి?" అంతలో నన్ను చూశాడు. "ఒరే, ఈ బేంకు సంగతి నీకెవుడు సెప్పాడ్రా?"

"తమరేనండి," అన్నాను. "గుమ్మం దిగి నిలబడమన్నారు గదా. నిలబడి, గోడ మీద రసీదు సదువుకున్నాను."

ఏజెంటు నవ్వు ఆపుకోలేక లెడ్జరు అడ్డం పెట్టుకున్నాడు. పైడయ్య మర్నాటికల్లా డబ్బు కట్టి సరుకు విడిపించుకోవాలి, మా బాకీ తీరనిదే ఖాతా కదలదు. నాలుగు గంటలకు బామ్మరిది దగ్గర తెచ్చిన నగదుతో మా ఆఫీసుకు వచ్చి, ఖర్చులతో సహా కట్టాడు. మేం బాకీ ముట్టిందని కోర్టులో పూర్తి చెల్లు మెమో వేసి జప్తు ఎత్తివేయించాం. సొమ్ము అందుకోవడానికి వచ్చిన అచ్చన్న కూర్చోమన్నా కూర్చోలేదు. "ఆ రైతు మాట మార్సీకముందే బొబ్బిలి బండెక్కాల బావూ," అని పరుగెత్తాడు. వారం తిరక్కుండానే దుంగలు పాకకు చేరాయని కబురు పంపాడు.

తర్వాత ముప్పై ఏళ్ళు ఈ పనే చేశాను. బాకీదారుడు లేదన్నదాన్ని నేను ఎప్పుడూ వెతకలేదు. అతడు పదిమందికీ ఏం చూపించుకుంటున్నాడో చూశాను. పిటిషన్లో రాయవలసినవి చాలావరకు అక్కడే దొరికేవి.